సొంత మాటల్లో రాయుము

మా వీధి చివర అద్దెకుంటున్న అమ్మాయికి కొత్తగా తెలుగు టీచరు ఉద్యోగం వచ్చింది. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చింది. "మాస్టారూ, మీరు సర్వీసులో ఉండగా పిల్లల కోసం ఒక పుస్తకం తయారుచేశారటగా. ఉపమ అంటే ఏంటి, సారాంశం అంటే ఏంటి, పాత్ర అంటే ఏంటి, అన్నీ రెండేసి ముక్కల్లో రాసిపెట్టారట. ఒక కాపీ ఉంటే ఇవ్వండి, మా ఎనిమిదో తరగతికి పనికొస్తుంది" అని అడిగింది.

లేదమ్మా, ఎప్పుడో చెదలు పట్టిందన్నాను. అబద్ధం. పుస్తకం నా బల్ల సొరుగులోనే ఉంది. ఎందుకివ్వలేదో ఆ అమ్మాయికి ఎదురుగా చెప్పలేకపోయాను. ఆమెలాగా కొత్తగా బడుల్లో చేరుతున్నవాళ్ళందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నేను నేర్పేదేమీ లేదు. నేను చేసిన పని చెబుతాను, అంతే.

నేను దుగ్గిరాల దగ్గర ఒక పల్లెలో పుట్టాను. మాది పసుపు పండించే ఇల్లు. బడికెళ్ళినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. మా అమ్మ "వత్తన్నా", "ఎల్తన్నా" అనేది, నేనూ అలాగే అనేవాణ్ణి. భాషాప్రవీణ చదవడానికి కళాశాలలో చేరిన మొదటి వారం, తరగతికి ఆలస్యమెందుకైందని గురువుగారు అడిగితే, "ఊరెల్లొచ్చానండి" అన్నాను. "ఎల్లిపాయలు తెచ్చితివా?" అన్నారాయన. తరగతంతా నవ్వింది. ఆ నవ్వు నా చెవుల్లోంచి పోవడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళలో నా నాలుక మీద మా అమ్మ మాట ఒక్కటి కూడా మిగలకుండా చేసుకున్నాను. సెలవులకి ఇంటికెళితే మా అమ్మ నాతో మాట్లాడటానికి మొహమాటపడేది. నా పాండిత్యానికి దక్కిన మొదటి గౌరవం అదేననుకున్నాను.

అరవైల నడుమ రేపల్లెలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా చేరాను. కాపురం తెనాలిలో, ఉద్యోగం రేపల్లెలో. పొద్దున బండెక్కితే రేపల్లెలో దిగేవాణ్ణి, ఆ పైన పట్టాలు లేవు. సాయంత్రం అదే బండి నన్ను వెనక్కి తెచ్చేది. ఆ ప్రయాణంలోనే, కిటికీ పక్కన కూర్చుని, ఆ పుస్తకం రాశాను.

పుస్తకమంటే పెద్దదేం కాదు, నలభై పేజీల నోటుబుక్కు. పిల్లలు పాఠం చదివేటప్పుడు, ప్రశ్నలకి జవాబులు రాసేటప్పుడు ఎదురయ్యే మాటలన్నీ అందులో ఉండేవి. సారాంశము, శీర్షిక, పాత్ర, సన్నివేశము, వర్ణన, ఉపమ, ధ్వని, ఔచిత్యము, గ్రామ్యము. ఒక్కోదానికి ఒక్కో నిర్వచనం. "ఉపమ: ఒకదానిని మరియొకదానితో మనోహరముగ పోల్చుట." "గ్రామ్యము: పండితులు పలుకక పామరులు పలుకు మాట. ఇది దోషము." చివర్లో వర్షము, సంత, పడవ ప్రయాణము, రైల్వే స్టేషను వంటి విషయాల మీద నమూనా వ్యాసాలు. హెడ్మాస్టరుగారు చూసి ముచ్చటపడి, స్టెన్సిలు కోయించి, ఎనిమిదో తరగతి అందరికీ కాపీలు ఇప్పించారు.

ఎక్కాలు చెప్పినట్టు పిల్లలు ఆ నిర్వచనాలు చెప్పేవారు. నేను "శీర్షిక!" అంటే చాలు, యాభై గొంతులు ఒక్కసారి లేచేవి. తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరుగారు ఒకసారి గుమ్మంలో నిలబడి విని, "ఇలాంటి క్లాసు ఈ ప్రాంతంలో చూడలేదండి" అన్నారు. ఆ మాట నేను తెనాలిలో దిగేలోపు బండిలో ముగ్గురికి చెప్పాను.

ఆ తరగతిలో ఒక పిల్ల ఉండేది. రెండో బెంచీలో గోడవైపు కూర్చునేది. వాళ్ళమ్మ ఉప్పుడు బియ్యం మిల్లులో, వడ్లు ఆరబోసే కళ్ళం మీద పనిచేసేది. తండ్రి అదే మిల్లులో బస్తాలు మోసేవాడు. పిల్ల లెక్కల్లో చురుకు. సోషల్లో మ్యాపు గీసిందంటే మా సోషల్ మేష్టారు పక్క సెక్షనుకి పట్టుకెళ్ళి చూపించేవారు. నా క్లాసులో మాత్రం ఆ పిల్లతో చిక్కొచ్చేది. నిర్వచనం చెప్పమంటే చెప్పేది, చెప్పాక ఊరుకునేది కాదు.

ఒకరోజు "పాత్ర: కథలో కనిపించు వ్యక్తి" అని చెప్పి, కూర్చోకుండా నిలబడింది.

"ఏం?" అన్నాను.

"పాత్రంటే గిన్నె గదండీ."

పిల్లలు నవ్వారు. "అది వేరు, ఇది వేరు" అన్నాను.

"కాదండీ. గిన్నెలో పోసినట్టు, కథలో ఆ మడిసిలో ఏదన్నా పోత్తారేమోనని. అందుకని పాత్ర అన్నారేమోనండి."

ఇప్పుడు తలుచుకుంటే, పాత్ర గురించి ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నేను విన్న మాటల్లో అంత మంచిది ఇంకోటి లేదు. ఆరోజు నేనన్నది ఇది: "మడిసి కాదు, మనిషి. పోత్తారు కాదు, పోయుదురు. కూర్చో."

కూర్చుంది.

అర్ధసంవత్సర పరీక్షలో ఒక కథాపాఠం ఇచ్చి, "ఈ కథాసారాంశమును సొంత మాటల్లో రాయుము" అని ప్రశ్న ఇచ్చాను. ప్రతి తెలుగు ప్రశ్నపత్రంలో ఉండే ప్రశ్నే అది. దానికి జవాబు ఎలా ఉండాలో అందరికీ తెలుసు. నా నోటుబుక్కులో ఉన్నట్టు ఉండాలి. యాభైమందిలో నలభైతొమ్మండుగురు అలాగే రాశారు. ఈ పిల్ల మాత్రం ఆ కథని వాళ్ళ ఇంట్లో ఎవరికో చెబుతున్నట్టు రాసింది. ఎర్రసిరా కలంతో పేపరు పొడవునా గీతలు గీసి, ప్రతి గీత పక్కనా "గ్రామ్యం" అని రాశాను. పదకొండు చోట్ల. లెక్క గుర్తుండటానికి కారణం, పేపరు ఇచ్చేటప్పుడు తరగతికి వినిపించేలా ఆ లెక్క చదవడమే.

ఆ పిల్ల పేపరు తీసుకుని, నా బల్ల దగ్గరే నిలబడి, మొత్తం చూసుకుంది.

"సార్, గ్రామ్యం అంటే గ్రామంలో మాట్టాడే మాటేనాండీ?"

"అవును."

"మరి సొంత మాటలంటే ఏంటండీ?"

నిజంగానే అడిగింది. ఎదురు చెప్పడానికి కాదు, తెలుసుకోవడానికే. ఆ ముఖం నాకింకా గుర్తుంది, అందులో పొగరేం లేదు. జవాబు లేని మాస్టారు చేసే పనే నేనూ చేశాను. "నాకే పాఠం చెబుతున్నావా?" అని అరిచి, ఆ పీరియడు అయ్యేదాకా గోడ దగ్గర నిలబెట్టాను. పీరియడు చివర నిర్వచనాలు వల్లె వేయించేటప్పుడు, గోడ దగ్గర నిలబడే అందరితోపాటు తనూ చెప్పింది. "గ్రామ్యము: పండితులు పలుకక పామరులు పలుకు మాట. ఇది దోషము."

ఆ తర్వాత నా క్లాసులో ఆ పిల్ల ప్రశ్న అడగలేదు. దారికొచ్చిందనుకున్నాను.

వేసవి ముందు సంవత్సర పరీక్ష. వ్యాసానికి "వర్షము కురిసిన ఒక దినము" అని ఇచ్చాను. నమూనా వ్యాసం నోటుబుక్కులో ఉంది కాబట్టి దిద్దడం తేలిక. "ఆకాశము మేఘావృతమయ్యెను. ఉరుములు మెరుపులతో కుంభవృష్టి కురిసెను. రైతుల హృదయములు ఆనందముతో నిండెను." ఒక పేపరు తర్వాత ఇంకో పేపరు, అదే ఆకాశం, అదే మేఘం. టిక్కు కొట్టుకుంటూ పోయాను. కొందరికి పదిహేనుకి పన్నెండు కూడా వేశాను.

ఆ పిల్ల పేపరులో మొదటి రెండు వాక్యాలు నోటుబుక్కులోవే. ఆకాశము మేఘావృతమయ్యెను, సరే. మూడో వాక్యంలో వాళ్ళమ్మ వచ్చింది. వాళ్ళమ్మతోపాటు భాష మారిపోయింది. పిల్ల ఆపుకోవాలని చూసినట్టుంది, ఒకచోట "వచ్చుచు" అని రాసి కొట్టేసింది. ఆ తర్వాత ఇక ఆపుకోలేదు.

ఆ వ్యాసం మొత్తం రాసి చూపించాలని నాకు ఉంది. కానీ గుర్తులేదు. నేను ఎర్రసిరాతో గీత గీసిన వాక్యాలు మాత్రమే గుర్తున్నాయి. తప్పులని గీసినవి కాబట్టి మిగిలాయి.

"వడ్లు కళ్ళం నిండా ఆరబోసి ఉండాయి. మా అమ్మ మబ్బుకేసి చూసింది, ఈదిలోకి పిచ్చికుక్క వత్తంటే చూసినట్టు." గ్రామ్యం.

"వాన వట్టికాళ్ళతో వొచ్చింది, చప్పుడు లేకండా. ముందు మా అమ్మ ఈపు మీద తెలిసింది." గ్రామ్యం. అనౌచిత్యం.

"ఆడోళ్ళందరూ వడ్ల మీద కప్పే బరకాలు పట్టుకోని ఉరికారు. గాలి బరకాన్ని లేపితే మా అమ్మ దాని మీద పడుకుంది." గ్రామ్యం.

"వడ్లు తడిత్తే మేస్త్రి మా అమ్మని తిడతాడు. వానని ఎవురూ తిట్టరు."

ఈ చివరి దాని పక్కన ఏం రాయాలో తోచలేదు. గీత మాత్రం గీశాను. పదిహేనుకి మూడు వేశాను. మొత్తం కూడితే ముప్ఫైఒకటి వచ్చింది. పాసుకి ముప్ఫైఅయిదు. మిగతా అన్ని సబ్జెక్టుల్లోనూ ఆ పిల్ల పాసైంది, లెక్కల్లో క్లాసు మొత్తానికి రెండోది.

ప్రమోషన్ల జాబితా తయారుచేసే రోజు హెడ్మాస్టరుగారి గదిలో అందరం కూర్చున్నాం. ఒక్క సబ్జెక్టులో నాలుగైదు మార్కులు తక్కువైన పిల్లల్ని, ఆ సబ్జెక్టు చెప్పే మాస్టారు ఒప్పుకుంటే, పై తరగతికి పంపడం అలవాటు. లెక్కల మేష్టారు తన దగ్గర ఆగిన ఆరుగురికీ నవ్వుతూ ఒప్పుకున్నారు. ఈ పిల్ల పేరు దగ్గరకొచ్చేసరికి హెడ్మాస్టరుగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"ఏంటండీ ఇది, ఒక్క తెలుగులోనే పోయింది? నాలుగు మార్కులేగా, కలపండి పండితులుగారూ."

"వీల్లేదండి" అన్నాను.

మా ఇంగ్లీషు టీచరుగారు నాకెదురుగా కూర్చుంది. లూథరన్ కుటుంబం, తండ్రి కూడా టీచరే. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ పేపరు ఒకసారి ఇమ్మని అడిగి తీసుకుంది. వ్యాసమంతా చదివింది. గదిలో అందరూ ఫ్యాను కింద విసుగ్గా కూర్చుంటే, ఆవిడ మాత్రం వెనక్కి తిప్పి మళ్ళీ మొదటినుంచి చదివింది.

"మాస్టారూ, నేను ఇంగ్లీషు తప్పులు దిద్దుతున్నానంటే అర్థముంది. అది మనది కాదు. ఈ పిల్ల తెలుగులో పుట్టింది. తెలుగులో ఎలా తప్పుతుందండీ?"

"పుట్టడం వేరు, భాష వేరు టీచరుగారూ."

"ఇది వర్ణన కాదంటారా? 'పిచ్చికుక్క వత్తంటే చూసినట్టు' అంది. అది ఉపమ కాదాండీ? మీరేగా నేర్పింది."

గదిలో అందరూ నావైపు చూశారు. అప్పుడైనా నేను ఆ పేపరు మళ్ళీ చదివి ఉండాల్సింది. చదివితే తెలిసేది. నాకు కనపడింది మాత్రం పేపరు కాదు. తరగతి నిండా నవ్వుతున్న పిల్లలు, ఎల్లిపాయల గురించి అడుగుతున్న గురువుగారు. నేను అంత కష్టపడి కడుక్కున్నదాన్ని ఈ పిల్ల కడుక్కోకుండా తొమ్మిదో తరగతికి వెళ్ళిపోతుందా అనిపించింది. ఇది అప్పుడు తెలిసిన సంగతి కాదు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు అది ధర్మమనే అనుకున్నాను.

"ఉపమ మనోహరంగా ఉండాలండి" అన్నాను. "పిచ్చికుక్కలతో ఉపమ కాదు. తెలుగులోనే దయతలిచి మార్కులు కలపమంటే అది భాషకి అవమానం. లెక్కల్లో కలపండి, నేను అడ్డురాను. తెలుగులో కలపను."

చాలా బాగా అన్నానని నాకే అనిపించింది. హెడ్మాస్టరుగారు ఆ పేరు మీద అడ్డంగా గీత గీసి, తర్వాతి పేరు చదివారు. ఇంగ్లీషు టీచరుగారు పేపరు మడిచి, నా ముందు పెట్టింది. ఆ తర్వాత కూడా ఆవిడ నన్ను పలకరించేది. "నమస్తే మాస్టారూ" అనేది. అంతకు మించి ఇంకొక మాట ఉండేది కాదు.

ఫలితాలు పెట్టిన రోజు వాళ్ళమ్మ బడికొచ్చింది. కళ్ళం మీదనుంచి అలాగే వచ్చినట్టుంది, చీర అంచుకి ఊక అంటుకుని ఉంది. వరండాలో నన్ను ఆపింది. పిల్ల పక్కన నిలబడి నేల చూస్తోంది.

"అయ్యగారూ, మా పిల్ల ఏంట్లో పోయిందండీ?"

"తెలుగులో."

"తెలుగులోనాండీ?" కాసేపు అర్థం కానట్టు చూసింది. "లెక్కల్లో కాదాండీ? ఇంగ్లీసులో కాదాండీ?"

"కాదు. తెలుగులోనే."

"మేం మాట్టాడేది తెలుగు కాదాండీ?"

ఆ మనిషి కూడా నిజంగానే అడిగింది. తల్లీ కూతుళ్ళిద్దరిదీ ఒకటే పద్ధతి. నేను బండి టైమవుతోందన్నట్టు చూసి, "అది వేరమ్మా, పుస్తకాల తెలుగు వేరు. ఇంకో ఏడాది అదే క్లాసు చదివితే వస్తుంది" అన్నాను.

"అంతేలెండి" అంది. కూతురివైపు తిరిగి, "తెలుగే రాపోతే ఇంకేం వొత్తుందే నీకు" అంది. కోపంగా కాదు, నీరసంగా అంది. ఇద్దరూ గేటు దాటి వెళ్ళిపోయారు.

జూన్‌లో బడి తెరిచారు. ఆ పిల్ల రాలేదు. హాజరుపట్టీలో పది రోజులు ఆబ్సెంటు వేసి, పేరు కొట్టేశాను. సోషల్ మేష్టారు ఒకసారి, "మ్యాపుల పిల్ల ఏదండీ?" అనడిగితే, "కళ్ళం పనిలో పెట్టారట" అని ఎవరో అన్నారు. నేను విన్నాను. నాకు ఆరోజు అన్నం సహించకపోవడం లాంటిదేం జరగలేదు. బాగానే తిన్నాను. ఇది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

ఆ తర్వాత నన్ను బాపట్లకి బదిలీ చేశారు. అక్కడ కూడా నోటుబుక్కు కాపీలు తీయించాను. డెబ్బైల్లోకి వచ్చాక పాఠ్యపుస్తకాలు మారడం మొదలైంది. వాడుక భాషలో పాఠాలొచ్చాయి. ఒక వేసవిలో తెలుగు పండితులందరికీ బాపట్లలోనే శిక్షణ తరగతులు పెట్టారు. పాఠం చెప్పడానికొచ్చిన లెక్చరరు మా అందరికంటే చిన్నవాడు. పిల్లల జవాబుపత్రాలు కొన్ని పంచిపెట్టి దిద్దమన్నాడు. మేం ఎప్పటిలాగే గీతలు గీశాం. అతను అవన్నీ చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే చదివాడు.

"ఇకనుంచి వాడుక భాషలో రాశారని ఒక్క మార్కు కూడా తగ్గించకూడదండి. పిల్లలు కళ్ళతో చూసింది రాశారా, వల్లె వేసింది రాశారా అన్నది చూడండి. సొంత మాటల్లో రాయమని మనమే అడుగుతున్నాం. వాళ్ళు రాస్తే మనమే కొట్టేస్తున్నాం."

ముందు బెంచీలో పెద్దలు వాదానికి దిగారు. భాష భ్రష్టు పట్టిపోతుందన్నారు. నేను మామూలుగా అయితే వాళ్ళందరికంటే ముందు లేచేవాణ్ణి. ఆరోజు చివరి బెంచీలో కూర్చుని ఉన్నాను. కళ్ళం నిండా వడ్లు, గాలికి లేచే బరకం, దాని మీద పడుకున్న మనిషి, ఇవన్నీ ఒక్కసారి వరసగా నా ముందుకొచ్చాయి. ఏడెనిమిదేళ్ళ తర్వాత ఆ వ్యాసాన్ని నేను మొదటిసారి చదివింది ఆరోజే. పేపరు లేకుండా చదివాను. వాన వట్టికాళ్ళతో వచ్చింది. వానని ఎవురూ తిట్టరు.

లేచి నిలబడ్డాను. "ఇంతకుముందు తగ్గించినవాటి సంగతేంటండీ?" అన్నాను.

అందరూ నవ్వారు. నేను హాస్యమాడాననుకున్నారు. లెక్చరరు కూడా నవ్వి, "పాత పేపర్లు ఇప్పుడు దిద్దలేం కదా మాస్టారూ" అన్నాడు.

మీరు అడగొచ్చు, వెంటనే వెళ్ళి ఆ పిల్లని వెతకలేకపోయావా అని. బాపట్ల నుంచి రేపల్లె ఎంత దూరం? ఒక ఆదివారం వెళ్ళాను. స్టేషనులో దిగాను. మిల్లు గొట్టాలు స్టేషన్లోంచే కనపడతాయి. బెంచీ మీద కూర్చుని, వెళ్ళి ఏమనాలో మనసులో రాసుకోవడం మొదలుపెట్టాను. రాసిన ప్రతి వాక్యం నోటుబుక్కులో వాక్యంలాగే ఉంది. వచ్చిన బండే తిరిగి తెనాలి బయలుదేరుతుంటే అందులోనే ఎక్కాను. మళ్ళీ వెళ్ళలేదు.

డెబ్బైల చివర్లో నన్ను తిరిగి రేపల్లె బడికే వేశారు. ఇంగ్లీషు టీచరుగారు అప్పటికి వేరే ఊరు వెళ్ళిపోయారు. తెలుగు పండితులకి హెడ్మాస్టరు పదవి ఉండదు గానీ, అడ్మిషన్ల రోజున బల్ల దగ్గర కూర్చునే పని ఉంటుంది. జూన్‌లో ఒక మధ్యాహ్నం గుమాస్తా ఫారాలు నింపుతున్నాడు, నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. ఒకామె పదేళ్ళ పిల్లని చెయ్యిపట్టుకుని వచ్చింది. ఆరో తరగతిలో చేర్చాలంది. నేను తలెత్తకముందే, "నమస్కారం సార్" అంది.

చూశాను. ముఖం ఎండకి మాడిపోయి ఉంది. ఇరవై నాలుగో, ఇరవై అయిదో ఉంటాయి, నలభై ఉన్నట్టు కనపడింది. అయినా గుర్తుపట్టాను.

"బాగున్నారా సార్? ఇది మా చెల్లెలండి. అమ్మ పోయిన ఏడు చనిపోయిందండి. నాన్న మంచంలో ఉండాడు. దీన్నన్నా చదివిద్దామని." పిల్లవైపు వంగి, "సార్‌కి దండం పెట్టు. నాకు తెలుగు చెప్పింది ఈ సారే. శానా బాగా చెప్తారు. నాకే బుర్ర లేదు" అంది.

ఆ మాట ఎత్తిపొడుపు అయ్యుంటే నేను బతికిపోయేవాణ్ణి. ఎత్తిపొడుపు కాదు. మనసారా అంది.

"కూర్చోమ్మా" అన్నాను. కూర్చోలేదు. గుమాస్తా వింటున్నాడని తెలిసినా చెప్పాను. "ఆ ఏడు నువ్వు వాన మీద రాశావు, గుర్తుందా? మీ అమ్మ గురించి. అది తప్పు కాదమ్మా. చాలా బాగా రాశావు. నేనే సరిగ్గా చదవలేదు. నిన్ను ఫెయిలు చేసి ఉండకూడదు."

ఆమె ఇబ్బందిగా అటూ ఇటూ చూసింది. పెద్దవాణ్ణి, నలుగురిలో అలా మాట్లాడుతుంటే నా తరఫున తనకి సిగ్గేసినట్టుంది.

"అట్టనబాకండి సార్. ఏం రాశానో నాకు గేపకమే లేదు."

"ఇప్పుడు రూలు మారింది. మన మాటల్లో రాసినా మార్కులిస్తారు."

"అట్టాగాండీ?" అంది. చెల్లెలి తల నిమిరింది. "అయితే దీనికి తేలికేలెండి."

చెప్పాల్సిన మాట పదేళ్ళు ఆలస్యంగా వచ్చింది. వినాల్సిన మనిషి ఎప్పుడో వినడం మానేసింది.

గుమాస్తా ఫారం అటు తిప్పి, కలం ఇచ్చి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నాడు. ఆమె కలం పట్టుకుంది. పట్టుకోవడం తెలిసిన చెయ్యే. చూపుడువేలూ బొటనవేలూ సరిగ్గా పడ్డాయి. కాగితం మీదకి వంగి, నావైపు ఒకసారి చూసి, కలం కింద పెట్టేసింది.

"ఏలిముద్ర ఏత్తానండి."

"నీకు రాయడం వచ్చు కదమ్మా" అన్నాను.

"వొచ్చుగానండి." నవ్వడానికి ప్రయత్నం చేసింది. "మీ ముందు రాయలేనండి సార్. తప్పులు పోతాయి."

గుమాస్తా సిరా దిమ్మ జరిపాడు. ఆమె ఎడమచేతి బొటనవేలు అద్ది, కాగితం మీద నొక్కి, వేలికంటిన సిరా తలకి రాసుకుంది. వేలిముద్ర వేసిన చోట ఎవరైనా ఉద్యోగి సాక్షిగా రాయాలని నిబంధన. గుమాస్తా ఫారం నా ముందుకు తోశాడు. ఆమె చూస్తుండగా, ఆ ముద్ర కింద, ఒక్క తప్పు లేకుండా రాశాను: "పై వేలిముద్ర నా సమక్షమున వేయబడినది." సంతకం చేశాను.